వార్షిక నివేదిక: పెద్దల గమనింపు, శాస్త్రం కొలత

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన ప్రకృతి అధ్యయన సంఘం కార్యక్రమాలన్నీ దాదాపు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. తరతరాలుగా ఒక నేలనో సముద్రాన్నో కనిపెట్టుకుని బతికినవాళ్లకు తెలిసినదాన్ని శాస్త్రం ఎలా వినాలి? కార్యవర్గం ఈ అంశం పెట్టినప్పుడు, పాతదంతా సైన్సే అనే గొడవలో పడతామేమోనని కొందరు టెన్షన్ పడ్డారు. ఆ భయంలో అర్థముంది. అందుకే మొదటి సమావేశంలోనే ఒక షరతు పెట్టుకున్నాం. ఎవరు ఏ మాట చెప్పినా, దాన్ని ఎవరు గమనించారు, ఏం చూసి అన్నారు, తప్పయితే ఎలా తెలుస్తుంది అన్నవి కూడా చెప్పాలి.

నెలవారీ ప్రసంగాల్లో బాగా పండింది కృత్తికల మీద జరిగినదే. పెరూ, బొలీవియాల్లో ఆండీస్ కొండల రైతులు జూన్ చివర్లో తెల్లవారకముందే లేచి కృత్తికలను చూస్తారు. చుక్కలు మసగ్గా కనిపిస్తే ఆ ఏడు వానలు ఆలస్యమని, తక్కువని లెక్క. బంగాళాదుంప నాటడం వెనక్కి జరుపుతారు. వినడానికి వట్టి జోస్యంలా ఉంటుంది. 2000లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన దీన్ని ఉపగ్రహ సమాచారంతో సరిచూసింది. ఎల్ నినో, అంటే పసిఫిక్ సముద్రం నీళ్లు మామూలుకన్నా వేడెక్కే ఏడాదిలో, ఆ రోజుల్లో ఆకాశంలో బాగా ఎత్తున, కంటికి ఆనని పలుచని మబ్బులు పెరుగుతాయి. చుక్కలు మసకబారేది వాటివల్ల. కొన్ని నెలలకు అక్కడ వానలు తగ్గేదీ ఆ ఎల్ నినో వల్లే. "మరి చుక్కలకూ వానకూ సంబంధం ఉన్నట్టా, లేనట్టా?" అని ఒక సభ్యురాలు నిలదీశారు. చుక్కలు వానను ఆపవు, కానీ అవి చూపే గుర్తు మాత్రం పనికొస్తుంది. దీని మీద వాదన ఎంతకీ తెగక, హాలు తాళాలు వేసే ఆయన గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు.

తిమింగలాల లెక్క మీద చర్చ ఇంకో రకంగా సాగింది. అలాస్కాలో బోహెడ్ తిమింగలాలు రెండు వేల లోపే ఉన్నాయని భావించి 1977లో అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ వేట ఆపమంది. అక్కడి ఆదివాసులైన ఇనూపియాట్ వేటగాళ్లు ఒప్పుకోలేదు. మీరు మంచు అంచున కనిపించేవాటినే లెక్కపెడుతున్నారు, మంచు కింద నుంచి పోయేవాటి సంగతేమిటని అడిగారు. తర్వాత నీళ్లలోకి మైకులు దించి వింటే వాళ్ల మాటే నిజమైంది. 2001 అంచనా పది వేలు దాటింది. ఇక్కడ శాస్త్రం ఓడిందని కొందరన్నారు, నేను ఒప్పుకోను. లెక్కలో ఖాళీ ఎక్కడుందో వేటగాళ్లు చూపారు, శాస్త్రం దాన్ని పూరించింది.

ఇండోనేషియాలోని సిమెలుయె దీవి కథ చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 1907 సునామీని అక్కడివాళ్లు పాటల్లో, కథల్లో దాచుకున్నారు. 2004లో భూమి గట్టిగా కంపించగానే కొండెక్కారు. దాదాపు 78 వేల మందిలో చనిపోయింది ఏడుగురే.

అందరూ మెచ్చని ప్రసంగమూ ఒకటి జరిగింది. అరిస్టలోకియా జాతి మొక్కలను అనేక దేశాల నాటు వైద్యాల్లో శతాబ్దాలుగా వాడారు. వాటిలోని ఆమ్లం మూత్రపిండాలను దెబ్బతీస్తుందని, క్యాన్సర్ తెస్తుందని ఆధునిక పరిశోధనలోనే తేలింది. హాని ఏళ్ల తర్వాత బయటపడితే, మందుకూ జబ్బుకూ ముడిపెట్టడం ఎంత అనుభవజ్ఞుడికైనా కష్టం. పెద్దలను కించపరిచారంటూ ఇద్దరు ముగ్గురు మధ్యలోనే లేచి వెళ్లారు. ఈ ప్రసంగం పెట్టడం అవసరమేనని కార్యవర్గం ఇప్పటికీ అనుకుంటోంది.

గ్రంథాలయం, పక్షుల నడక యథావిధిగా సాగాయి. ఆడిట్ అయిన జమాఖర్చులు నోటీసు బోర్డులో ఉన్నాయి.

చివరిగా, సేకరణ సంగతి. పెద్దల మాటలను రికార్డు చేయాలని చాలామంది ఉత్సాహపడుతున్నారు. కేరళలో 1987లో కాణి గిరిజనుల నుంచి ఆరోగ్యపచ్చ మొక్క గురించి తెలుసుకున్న శాస్త్రవేత్తల సంస్థ, దానితో మందు తయారుచేసి, లైసెన్స్ సొమ్ములో సగం వాళ్లకు ఇవ్వడానికి ఒప్పుకుంది. మనం మందులు అమ్మబోము, నిజమే. అయినా చెప్పినవారి అనుమతి, పేరు వేయాలా వద్దా అన్న వాళ్ల ఇష్టం రాతలో లేకుండా ఏ రికార్డూ బయటికి పోకూడదని నియమావళికి సవరణ ప్రతిపాదిస్తున్నాం. ఇది సర్వసభ్య సమావేశంలో ఓటింగుకు వస్తుంది. అభ్యంతరాలుంటే సమావేశానికి ముందే రాసి ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి