వార్షిక నివేదిక, 2024-25: అరుదైన వ్యాధులున్న మన పిల్లలు, వారి చదువు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఉగాది వేడుక, పుస్తకాల పంపిణీ యథావిధిగా జరిగాయి. అయితే ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువగా పాటుపడింది అరుదైన వ్యాధులున్న పిల్లలు బడి మానకుండా చూడడానికే. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్ ప్రాంతాల తెలుగు కుటుంబాలు వైద్యానికి శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్తాయి. అక్కడ ఇచ్చే కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి, బడిలో నడిచేది ఒడియా, తల్లికి వచ్చినది తెలుగు. అందువల్ల వైద్యుల సూచనలను ఒడియా, తెలుగు భాషల్లో ఒకే కాగితంపై రాయించి, తల్లిదండ్రుల అనుమతితో ప్రధానోపాధ్యాయులకు అందజేశాం.

ఫిబ్రవరి 28న, అరుదైన వ్యాధుల దినం నాడు, ఉపాధ్యాయులతో జరిపిన సదస్సు మన సంఘం గర్వంగా చెప్పుకోదగినది. హిమోఫిలియా (రక్తం సరిగా గడ్డకట్టని వ్యాధి) ఉన్న బాలుడికి దెబ్బ తగిలితే కదలనివ్వకుండా కూర్చోబెట్టి, మంచు పెట్టి, వెంటనే తల్లిదండ్రులకు కబురు చేయాలనీ, ఆస్పిరిన్ ఇవ్వకూడదనీ వైద్యులు వివరించారు. డుషేన్ కండర క్షీణత (కండరాలు క్రమంగా బలహీనపడే వ్యాధి) ఉన్న పిల్లవాడు మెట్లెక్కలేకపోవడం బద్ధకం కాదనీ, వాడి తరగతిని కింది అంతస్తుకు మార్చడం ఖర్చులేని పని అనీ చెప్పినప్పుడు, ఒక ఉపాధ్యాయిని తన తరగతిని మార్పిస్తానని అక్కడికక్కడే మాట ఇచ్చి, ఆ వారంలోనే నెరవేర్చారు. ఆమెకు సంఘం తరఫున ప్రత్యేక కృతజ్ఞతలు. ఉచితంగా వచ్చిన వైద్యులకు, ఒడియా అనువాదం చేసిన మిత్రులకు, హాలు ఇచ్చిన దాతకు, భోజనాలు వండి వడ్డించిన మహిళా సభ్యులకు ఎంతో రుణపడి ఉన్నాం.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం హిమోఫిలియా, తలసీమియా, సికిల్ సెల్ అనే రక్త సంబంధ వ్యాధులను, కండర క్షీణతను వైకల్యాల జాబితాలో చేర్చింది. ప్రభుత్వ నిధులు పొందే లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు ఇలాంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకొని, అవసరమైన వసతులు కల్పించాలని 16వ సెక్షన్ చెబుతోంది. ఇంత స్పష్టంగా ఉన్నా, ర్యాంపు (మెట్లకు బదులు వాలుబాట) కోసం మనం పెట్టిన అర్జీకి సంబంధిత కార్యాలయం నుంచి నేటికీ జవాబు రాలేదు. సదస్సుకు పేర్లిచ్చిన స్వచ్ఛంద సభ్యుల్లో పలువురు ఆనాడు కనబడకపోవడం వల్ల కుర్చీలు వేసే పని కూడా పెద్దలపైనే పడింది. ఇది బాధతోనే రాస్తున్నాను.

జమాఖర్చుల పట్టిక జతపరచడమైనది. ఆడిటరు గారు సరిచూశారు.

వచ్చే ఏడాది, పిల్లలకు వైకల్య ధ్రువపత్రాలు ఇప్పించేందుకు తల్లిదండ్రుల వెంట ఆసుపత్రికి వెళ్లగల సభ్యులు ఈ సభలోనే తమ పేర్లు నమోదు చేసుకోవాలని కోరుతున్నాను.

కార్యదర్శి