డోరంతా పెయింట్ కొట్టించకు మామా

హన్మకొండ

మామా,

నువ్వు పంపిన ఫొటోలు చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. మొన్ననే కదా కొత్త కారును భద్రకాళి గుడికి తీసుకెళ్లి పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం! సీట్ల కవర్లు కూడా ఇంకా తీయలేదు, అప్పుడే ఎవడో వెనక డోరు పొడుగునా గీకి పోయాడంటే ఎంత కడుపు మండుతుందో నాకు తెలుసు. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతాను, అందుకే కూర్చుని రాస్తున్నా. ముందు ఒక్క మాట. షెడ్డువాళ్లు డోరు మొత్తం కొట్టేద్దాం అంటే ఊ అనకు.

ఎందుకో చెప్తా. కంపెనీలో ప్రైమర్, అంటే రంగు కంటే ముందు రేకు మీద వేసే పూత, వేసేటప్పుడు బాడీలో సీట్లుండవు, వైర్లుండవు, ఉత్త రేకే. దాన్ని అలాగే తొట్టిలో ముంచి కరెంటు పెడతారు. సందు సందుకూ పూత పట్టేస్తుంది. ఆ తర్వాత సుమారు 160 నుంచి 180 డిగ్రీల వేడిలో కాలుస్తారు. దాని మీద వేసే రంగునూ, పైన అద్దంలా మెరిసే క్లియర్ కోట్‌నూ కూడా 140 డిగ్రీల దాకా వేడి చేసి గట్టిపరుస్తారు. ఇన్ని పొరలూ కలిపితే మందం 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు, లేదా ఇంకొంచెం ఎక్కువ. షెడ్డులో వైర్లు, రబ్బర్లు, ప్లాస్టిక్ అన్నీ బిగించి ఉన్న బండిని అంత వేడి చేయలేరు కదా. మంచి పెయింట్ బూత్‌లో కూడా 60 డిగ్రీల దగ్గర ఆపేస్తారు. మేస్త్రీ ఎంత పనిమంతుడైనా ఆ కంపెనీ పూత మళ్లీ రాదు. రేపు బండి అమ్మాలంటే, కొనేవాళ్లు మందం కొలిచే మీటర్ పెట్టి చూస్తున్నారు. ఒక్క డోరు మీద అంకె ఎక్కువ వచ్చిందా, యాక్సిడెంట్ బండి అని అనుమానపడి రేటు కోస్తారు.

ఇక నీ గీత సంగతి. గోరుతో అడ్డంగా గీసి చూడు. గోరు జారిపోతే దెబ్బ క్లియర్ కోట్ మీదే ఉన్నట్టు, రబ్బింగ్ కాంపౌండ్‌తో, అంటే గీతలు అరగదీసే పేస్టుతో, పోతుంది. తట్టుకుంటే మాత్రం లోతుగా దిగినట్టు. నీ ఫొటోలో హ్యాండిల్ కింద బూడిద రంగు కనిపిస్తోంది, అది ప్రైమర్. దాని గురించి దిగులు లేదు. కానీ డోరు అంచు దగ్గర జానెడు మేర తళతళమంటోంది చూడు, అది రేకు. నా టెన్షన్ అంతా ఆ జానెడు గురించే. మిరుగం దగ్గరపడింది. వానలు మొదలైతే అక్కడ తుప్పు పుట్టి, పక్కనున్న మంచి రంగు కిందికి పాకి, దాన్ని పొంగించి లేపేస్తుంది. అప్పుడు నిజంగానే డోరంతా కొట్టించాల్సి వస్తుంది.

ఈలోపు ఎవరు చెప్పినా టూత్‌పేస్టు, మైనం పాలిష్ రుద్దకు. అవి గీత లోపల ఇరుక్కుని కొత్త రంగును పట్టనివ్వవు. పైగా గట్టిగా రుద్దితే చుట్టూ ఉన్న క్లియర్ కోట్ పలచబడుతుంది.

పోయిన ఏడాది ఎనుమాముల మార్కెట్ దారిలో మిర్చి ట్రాలీ కొక్కెం నా బండిని గీరినప్పుడు, ములుగు రోడ్డు వైపు ఒక పెద్దాయన దగ్గర టచప్, అంటే గీత పడ్డచోట మాత్రమే రంగు పెట్టడం, చేయించాను. పక్కనే కూర్చుని చూశా. ఎండెక్కకముందే పని మొదలుపెట్టాడు. బండిని నీడలో పెట్టి, అరచెయ్యి ఆనించి రేకు చల్లగా ఉందని చూసుకున్నాకే డబ్బా మూత తీశాడు. వేడి రేకు మీద రంగు పరుచుకోకముందే ఆరిపోతుందట. వాటర్ పేపర్‌ను, అంటే తడిపి రుద్దే గరుకు కాగితాన్ని, సన్నగా మడిచి, ఆ అంచుతో గీత లోపల మాత్రమే రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాడు. అగ్గిపుల్లను బ్లేడుతో సూదిగా చెక్కి, ప్రైమర్‌లో ముంచి, చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోయాడు. బ్రష్‌తో లాగలేదు. చుక్కలు వాటంతట అవే ఒకదాన్నొకటి అందుకుని గీతలో సర్దుకుంటుంటే చూపు తిప్పుకోలేకపోయా. అది ఆరాక రంగు, పలచగా, ఒక పూత ఆరితేనే ఇంకో పూత. చివర క్లియర్ కోట్‌ను మాత్రం చుట్టుపక్కల కంటే రవ్వంత ఎత్తుగా వదిలేశాడు. అది బాగా గట్టిపడ్డాక, 2000 నంబర్ వాటర్ పేపర్‌ను నీళ్లలో తడిపి ఆ ఎత్తు వరకే అరగదీసి, కాంపౌండ్ పట్టించాడు. మధ్యలో ఆగడానికి ఓపిక లేనివాళ్లే ఈ పని చెడగొడతారు.

నీది గ్రే మెటాలిక్ కాబట్టి నిజం చెప్పాలి. ఆ రంగులో అల్యూమినియం పొడి ఉంటుంది. స్ప్రేలో ఆ రేణువులు పరుచుకునే తీరు వేరు, చుక్క పెడితే వేరు. దగ్గరికి వంగి చూస్తే సన్నగా ముదురు గీత కనిపిస్తుంది. నాలుగడుగుల దూరం నుంచి ఎవరూ పట్టుకోలేరు. నాకైతే అదే మేలు.

ఇన్సూరెన్స్ ఉంది కదా, అదీ పార్టుల తరుగు కోయని జీరో డెప్ కదా అంటావేమో. ఈ గీతకు క్లెయిమ్ వేస్తే, వచ్చే రెన్యువల్‌లో ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మన బండి దెబ్బలకు కట్టేది) మీద రావాల్సిన 20 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ వేయనందుకు ఇచ్చే తగ్గింపు, పోతుంది. 1500 సీసీ లోపు బండికి 1000 రూపాయలు ఎలాగూ మన చేతి నుంచే పెట్టాలి. ఆ ఇన్సూరెన్స్‌ను పెద్ద దెబ్బకు దాచుకో.

ఇప్పుడు చేయాల్సింది ఇది. డ్రైవర్ డోరు తీస్తే పిల్లర్ మీద గానీ, బానెట్ కింద గానీ స్టిక్కర్ ఉంటుంది. రంగు పేరు కాదు, అందులో ఉన్న పెయింట్ కోడ్ చెప్పి టచప్ సీసా తెప్పించు. గ్రేలు పది రకాలుంటాయి. ఆ జానెడు మేర పొడిగుడ్డతో తుడిచి పైన టేపు వేసి పెట్టు, కానీ రంగు ఉన్నచోట ఎక్కువ రోజులు ఉంచకు. సీసా రాగానే ఆదివారం పొద్దున్నే కరీంనగర్‌లో బయలుదేరు, నేను పెద్దాయనతో మాట్లాడి ఉంచుతా. బాపును కూడా తీసుకురా, భోజనం మా ఇంట్లోనే.

ఉంటా మరి.