నామూర్ ఓడ గురించి నాన్నగారికి

చాటమ్, కెంట్, ఇంగ్లండ్

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందని తమ్ముడు చెప్పాక మనసు కుదుటపడింది. మా ఇంటికి దగ్గరలో ఉన్న పాత నౌకా నిర్మాణశాల గురించి మీరు అడిగారు. తాళ్లరేవులో జీవితమంతా చెక్క పడవలు కట్టిన మీకు ఫోనులో నాలుగు ముక్కలు చెప్పి సరిపెట్టడం ఇష్టం లేక, తీరిగ్గా చదువుకునేలా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ నిర్మాణశాలలో ఒకప్పుడు బండిచక్రాలు చేసిన కొట్టు ఒకటి ఉంది. 1995లో దాని నేల పలకలు ఎత్తి చూస్తే, కింద వందకు పైగా ఓక్ దూలాలు బయటపడ్డాయి. విప్పేసిన ఒక యుద్ధనౌక కలపను వృథా చేయకుండా నేలకు ఆధారంగా పరిచారన్నమాట. అది ఏ ఓడదో తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. 1756లో ఇక్కడే నీటిలోకి దించి 1833లో విప్పేసిన నామూర్ అనే ఓడదని చివరకు నిర్ధారించారు. దూలాల మీద వడ్రంగులు గీసిన గుర్తులు నేటికీ కనిపిస్తున్నాయి. మీరు చూస్తే వాటి ముందు నుంచి కదలరు.

అయితే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది దీని గురించి కాదు. ఇంతకు ముందు ఇదే పేరుతో తిరిగి, మన బంగాళాఖాతంలో మునిగిపోయిన నామూర్ గురించి. ఆ ఒక్క ఓడ చరిత్ర చదివితే, పద్దెనిమిదో శతాబ్దం తొలి సగంలో బ్రిటిష్ యుద్ధనౌకలు ఎలా ఉండేవో, వాటిలో ఏ లోపం ఉండేదో తెలిసిపోతుంది.

అది 1697లో థేమ్స్ నది ఒడ్డున ఉన్న వూలిచ్‌లో తయారైంది. ఫిరంగుల సంఖ్యను బట్టి అప్పటి ఓడలను ఆరు తరగతులుగా విభజించారు. నూరు ఫిరంగులవి మొదటి తరగతి, తొంభైవి రెండవది, ఎనభై, డెబ్భై ఫిరంగులవి మూడవది, అరవై, యాభైవి నాలుగవది. ఆపై చిన్న ఓడలు. నామూర్ రెండవ తరగతిది, మూడు డెక్కుల మీద, అంటే మూడు అంతస్తుల మీద ఫిరంగులు మోసే ఓడ. ఇలాంటి ఓడల అడుగు డెక్కున ముప్పై రెండు పౌండ్ల గుండు వేసే ఫిరంగులు ఇరవై ఆరు ఉండేవి. ఒక్కొక్కటి రెండున్నర టన్నులకు పైగా బరువు. ఆ బరువంతా ఓడ రెండు పక్కలా, వెన్ను దూలానికి దూరంగా నిలబడుతుంది. కెరటానికి ఓడ ఊగినప్పుడల్లా పక్కటెముకలను, అతుకులను బయటికి లాగుతుంది. అందుకే డెక్కు దూలం పక్కటెముకను కలిసే ప్రతిచోటా సహజంగా వంగి పెరిగిన ఓక్ కొమ్మను తెచ్చి బిగించేవారు. అలాంటి వంపు కలప దొరకడమే అన్నిటికన్నా కష్టంగా ఉండేదట.

1729లో నామూర్‌ను డెట్‌ఫర్డ్‌లో మళ్లీ కట్టారు. మళ్లీ కట్టడం అంటే మరమ్మతు కాదు. పాత ఓడను పూర్తిగా విప్పి, పనికొచ్చే కలపను కొత్త ఓడలో వాడి, పాత పేరే ఉంచడం. పెద్ద యుద్ధాలు లేని ఆ కాలంలో కొత్త ఓడకన్నా పాత ఓడ పునర్నిర్మాణానికి డబ్బు తేవడం నౌకాదళ అధికారులకు సులువుగా ఉండేది. అంతకన్నా ముఖ్యమైన సంగతి 1719లో వచ్చిన కొలతల నియమావళి. ఏ తరగతి ఓడకు ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఏ దూలం ఎంత మందం అన్నది కాగితం మీద నిర్ణయించి, అన్ని ప్రభుత్వ నిర్మాణశాలలకూ పంపించారు. దాని ప్రకారం తొంభై ఫిరంగుల ఓడ ఫిరంగుల డెక్కు పొడవు 164 అడుగులు, డెబ్భై ఫిరంగుల ఓడకు 151 అడుగులు. తెరచాప కొయ్యలు, తెరచాపలు, తాళ్లు ఒక ఓడవి మరొక ఓడకు సరిపోవాలన్నది, ఖర్చు అదుపులో ఉండాలన్నది దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదేనని నేనూ ఒప్పుకుంటాను. 1715 నుంచి 1749లో చనిపోయే దాకా నౌకాదళానికి సర్వేయరుగా, అంటే ఓడల నమూనాలు చూసే అధికారిగా ఉన్న జేకబ్ ఆక్వర్త్ ఆ పద్ధతిని గట్టిగా నిలబెట్టాడు.

కానీ నాన్నగారూ, సముద్రం మీద ఫ్రాన్సు, స్పెయిన్ ఓడలు పెద్దవవుతూ పోతుంటే, ఇక్కడి మేస్త్రులు అదే కొలతకు కట్టుబడి ఉండవలసి వచ్చింది. ఇక్కడి ఓడలకు మోయవలసిన ఫిరంగులెక్కువ, మోసే పొట్ట చిన్నది. మూడు డెక్కుల ఎనభై ఫిరంగుల ఓడల పరిస్థితి మరీ దారుణం. ఎత్తు ఎక్కువై, పొడవు చాలక, గాలి కాస్త బలంగా వీస్తే చాలు ఒక పక్కకు ఒరిగేవి. అడుగు డెక్కు ఫిరంగుల కిటికీలు నీటికి మరీ దగ్గరగా ఉండడం వల్ల వాటిని మూసేయవలసి వచ్చేది. ఓడలోని అతి బరువైన ఫిరంగులు, అసలు యుద్ధానికి పనికిరావలసినవి, సరిగ్గా అవసరమైన వేళ మూతల వెనుక ఉండిపోయేవి.

ఈ తేడాను అందరి కళ్ల ముందూ పెట్టింది ప్రిన్సెసా అనే స్పానిష్ ఓడ. 1740 ఏప్రిల్‌లో కెంట్, లెనాక్స్, ఆర్ఫర్డ్ అనే డెబ్భై ఫిరంగుల బ్రిటిష్ ఓడలు మూడూ కలిసి గంటల తరబడి పోరాడితే గాని ఆ ఒక్క ఓడ లొంగలేదు. పట్టి తెచ్చి కొలిచి చూస్తే, తమ డెబ్భై ఫిరంగుల ఓడలకన్నా అది ఎంతో పెద్దదని తేలింది. ఆ తరువాత 1741లోను, 1745లోను కొలతలు కొంత పెంచారు గాని, నియమావళి పద్ధతిని వదలలేదు. 1755లో థామస్ స్లేడ్ సర్వేయరు పదవికి వచ్చాకనే రెండు డెక్కుల మీద డెబ్భై నాలుగు ఫిరంగులు మోసే మంచి ఓడల వరుస మొదలైంది. ఆ మధ్య కాలపు ఓడల్లో పనిచేసిన వేలమంది కళాసీలను తలచుకుంటే నాకు కోపం వస్తుంది. ఓడ ఒరుగుతోందని తెలిసినవాళ్లు ఎందరో ఉన్నారు, కాని చేతితో కలప పట్టి పనిచేసే మేస్త్రి మాటకు ఆ కాగితం ముందు విలువ లేకపోయింది. 1744 అక్టోబరులో విక్టరీ అనే నూరు ఫిరంగుల ఓడ ఇంగ్లిష్ చానెల్‌లో తుపానుకు చిక్కి, అడ్మిరల్ బాల్చెన్‌తో సహా సుమారు పదకొండు వందల మందితో మునిగిపోయింది. కాస్కెట్స్ రాళ్లకు గుద్దుకుందనుకుని అక్కడి దీపస్తంభం కాపలాదారును నిందించారు. ఓడ శకలాలు మాత్రం 2008లో ఆ రాళ్లకు చాలా దూరంగా, లోతు నీటిలో దొరికాయి.

ఇక నామూర్ విషయానికి వస్తే, 1744లో ఫ్రాన్సు రేవు తూలాన్ దగ్గర జరిగిన యుద్ధంలో అది అడ్మిరల్ మాథ్యూస్ పతాక నౌక, అంటే ఆయన ఎక్కి దళాన్ని నడిపిన ఓడ. 1745లో దాని పై డెక్కు కోసేసి డెబ్భై నాలుగు ఫిరంగుల ఓడగా మార్చారు. ఎత్తు తగ్గించడం సరైన పనేనని నా అభిప్రాయం. 1747 మేలో స్పెయిన్ తీరాన ఫినిస్టెర్ దగ్గర ఫ్రెంచివారిపై గెలిచిన యుద్ధంలో ఎడ్వర్డ్ బాస్కవెన్ దాని కెప్టెన్, అక్కడ అతని భుజానికి గాయమైంది. తరువాత అతనే అడ్మిరల్‌గా అదే ఓడ ఎక్కి మన వైపు వచ్చాడు. 1748లో పుదుచ్చేరిని ముట్టడించి, పట్టుకోలేక వానలకు వెనుదిరిగాడు.

మన తూర్పు తీరంలో అప్పట్లో అంత పెద్ద ఓడ దాగడానికి రేవు ఎక్కడుంది? మద్రాసైనా, కడలూరైనా, మన బందరైనా తీరానికి దూరంగా బయటి సముద్రంలోనే లంగరు వేయాలి. సరుకూ మనుషులూ చిన్న పడవల మీద ఒడ్డుకు చేరాలి. ఈశాన్య రుతుపవనాల ముందే పెద్ద ఓడలు ఈ తీరం వదిలిపోయేవి. కాని 1749లో గాలివాన ఏప్రిల్‌లోనే వచ్చింది. కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోట ఎదుట నామూర్ మునిగిపోయింది. 520 మంది చనిపోయారు. బాస్కవెన్ ఆ సమయంలో ఒడ్డున ఉండి బతికాడు. అరవై ఫిరంగుల పెంబ్రోక్ కూడా అదే గాలివానలో పోయింది. 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన గురించి వింటూ పెరిగిన మనకు ఆ రాత్రి ఎలా ఉండి ఉంటుందో ఎవరూ వివరించనక్కర లేదు. ఏడేళ్లకు చాటమ్‌లో ఆ పేరుతోనే కొత్త ఓడను నీటిలోకి దించారు. నేల కింద దొరికిన దూలాలు దానివే.

మీ నుంచి నాకొకటి తెలియాలి. ఇక్కడ ఆరని కలపతో తొందరపడి కట్టిన ఓడలు కొన్నేళ్లకే లోపల కుళ్లిపోయేవని చదివాను. మన దగ్గర పక్కటెముకలకు తుమ్మ వంపులు ఏ నెలలో కొట్టించేవారు, ఎన్నాళ్లు ఆరబెట్టేవారు, నీటిలో నానబెట్టడం ఉండేదా? తమ్ముడి చేత వివరంగా రాయించి పంపండి. దూలాల ఫోటోలు, ఇక్కడి పాత నమూనా ఓడల ఫోటోలు వాడికి పంపుతున్నాను, పెద్దవిగా అచ్చు వేయించి మీకిమ్మని చెప్పాను. అమ్మకు నా నమస్కారాలు.

మీ కుమార్తె