శ్రీనుకి, రెండో ఎస్ఎస్‌డీ సంగతి

విశాఖపట్నం
ఆదివారం

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. మీ గుంటడి క్లాసులు, నీ ఫొటోలు, చెల్లెమ్మ ఆఫీసు పని అన్నీ ఒక్క కంప్యూటర్ మీదే పడి సి డ్రైవ్ ఎర్రగా అయిపోయిందని, కొట్టతనేమో కొత్త సిస్టమ్ కొనెయ్యమంటున్నాడని రాశావు. కొనకురా. నీ ప్రాసెసర్ బాగానే ఉంది, ర్యామ్ 16 జీబీ ఉంది. నీకు కావలసింది చోటు, అంతే. ఉన్న ఎస్ఎస్‌డీని, అదే ఫైళ్ళు దాచే చిప్పుల డ్రైవ్‌ని, కదపకుండా పక్కన ఇంకొకటి పెట్టుకో. విండోస్ మళ్ళీ వెయ్యక్కర్లేదు, ఒక్క ఫైలు పోదు. ఈమధ్యే నా డెస్క్‌టాప్‌లో పెట్టుకున్నాను కాబట్టి అన్నీ గుర్తుండగానే రాస్తున్నాను.

కొట్టుకి వెళ్ళేముందు నీ మదర్‌బోర్డు మోడల్ ఏమిటో చూసి, దాని మాన్యువల్ తియ్యి. పుస్తకం పోయినా కంపెనీ సైట్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది. దాంట్లో నువ్వు చదవాల్సింది ఒక్క పేజీ, ఎం.2 స్లాట్ల గురించి, అంటే పట్టీలాంటి ఎస్ఎస్‌డీని నేరుగా బోర్డులో గుచ్చే గాడుల గురించి రాసింది. ఈ స్లాట్లన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ, కొన్ని ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకాన్నే తీసుకుంటాయి, కొన్ని సాటా అనే పాత, నిదానం రకాన్నే, కొన్ని రెండింటినీ. డ్రైవులూ అంతే. రెండు రకాలూ 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవుండే పలచని పట్టీలే. 2280 అనే నంబర్‌కి అర్థం అదే. కాబట్టి కొలత సరిపోయిందని డబ్బులిచ్చెయ్యకు.

అదే పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంటుంది, అది ఇంకా ముఖ్యం. నా బోర్డులో రెండో ఎం.2 స్లాట్ వాడితే 5, 6 నంబర్ల సాటా పోర్టులు పనిచెయ్యవని రాశారు. బోర్డు మీద డ్రైవులకి డేటా నడిపే చిప్, అదే చిప్‌సెట్, దాని దగ్గర ఉండే దారులు కొన్నే కదా, అటు ఇస్తే ఇటు ఉండవు. మా నాన్న పాత ఫొటోలన్నీ స్కాన్ చేసి దాచిన హార్డ్ డిస్క్ సరిగ్గా 5లోనే ఉంది. దాని కేబుల్ ముందే 2లోకి మార్చి, అప్పుడు కొత్తది పెట్టాను. ఈ సంగతి తెలియకపోతే కంప్యూటర్ ఆన్ చేశాక హార్డ్ డిస్క్ కనబడక, అది పోయిందనుకుని ఎంత టెన్షన్ పడతామో ఆలోచించు. డిస్క్‌కి ఏమీ కాదు, పోర్టు మూసుకుంటుందంతే. నీ బోర్డులో ఈ గొడవ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. చూసుకో.

ఎం.2 స్లాట్ ఖాళీ లేకపోయినా బెంగ వద్దు. రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ పెట్టుకోవచ్చు. దానికి డేటా కేబుల్ చాలాసార్లు డబ్బాలో రాదు, విడిగా అడిగి తీసుకో. కరెంటు కేబుల్ ఎస్ఎంపీఎస్ నుంచి, అంటే లోపలి భాగాలకి కరెంటిచ్చే పెట్టె నుంచి వచ్చేదే, ఒకటి ఖాళీగా ఉందో లేదో చూడు. సాటా వేగం సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఎన్‌వీఎంఈలో మూడో తరం, అంటే జెన్ 3 అయితే 3,500 దాకా, జెన్ 4 అయితే 7,000 దాకా వెళ్తుంది. కానీ ఫొటోలు దాచుకోవడానికి, గుంటడి పాఠాల వీడియోలకి ఆ తేడా నీకు తెలియనే తెలియదు. పెద్ద పెద్ద వీడియోలు ఎడిట్ చేసేవాళ్ళకి తెలుస్తుంది. నీ బోర్డు జెన్ 3 అయితే జెన్ 4 డ్రైవ్ పెట్టినా పనిచేస్తుంది, జెన్ 3 వేగంతోనే. వేగానికి పెట్టే డబ్బు చోటుకి పెట్టు. 500 జీబీ బదులు 1 టీబీ తీసుకో.

నేను ద్వారకానగర్‌లో కొన్నాను. నువ్వు ఎక్కడ కొన్నా లోపలి చిప్పులు టీఎల్‌సీ రకమా, క్యూఎల్‌సీ రకమా అని అడుగు. టీఎల్‌సీ మీద డేటా ఎక్కువసార్లు రాసినా తట్టుకుంటుంది. క్యూఎల్‌సీ డ్రైవుల్లో పెద్ద ఫైళ్ళు ఏకధాటిగా కాపీ చేస్తే కాసేపటికి వేగం బాగా పడిపోతుంది. బిల్లు తప్పకుండా తీసుకో, వారంటీకి అదే ఆధారం. ఎం.2 బిగించే స్క్రూ కూడా అడుగు. అది బోర్డు డబ్బాలో వస్తుంది, ఆ డబ్బాలు ఎవరిళ్ళల్లో ఉంటాయి చెప్పు?

ఇక బిగించడం. షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు పోతుంది. ఎస్ఎంపీఎస్ ఇనుప ఒంటిని ఓసారి ముట్టుకుని పని మొదలుపెట్టు. మాకు సముద్రం దగ్గర కాబట్టి క్యాబినెట్ వెనక స్క్రూలకి అప్పుడే తుప్పు పొడి పట్టింది. లోపల ఫ్యాన్ల దుమ్ము కూడా ఉప్పుగాలికి తడి తగిలి అంటుకుపోయింది, మెత్తని బ్రష్‌తో దులిపాను. రెండో స్లాట్ చాలా బోర్డుల్లో గ్రాఫిక్స్ కార్డు కిందే ఉంటుంది. కార్డు తియ్యాల్సొస్తే దాని చివర ఉండే గొళ్ళెం నొక్కాకే పైకి లాగు. డ్రైవ్‌ని దాదాపు 30 డిగ్రీల వాలులో పెట్టి తోస్తే బంగారు రంగు పళ్ళు లోపలికి వెళ్ళిపోతాయి. చెయ్యి వదిలితే రెండో కొస గాల్లోకి లేచి నిలబడుతుంది. అది అలాగే ఉండాలి, భయపడకు. వేలితో మెల్లిగా కిందికి అదిమి స్క్రూ తిప్పు, కదలకుండా ఆగితే చాలు, ఇంకా బిగించకు. పైన వేడి లాగే హీట్‌సింక్ పలక ఉంటే దాని జిగురు ప్యాడ్ మీది పలచని ప్లాస్టిక్ పొర ఒలిచెయ్యి. అది ఉండిపోతే వేడి బయటికి పోదు.

ఆన్ చేశాక మై కంప్యూటర్‌లో కొత్త డ్రైవ్ కనబడదు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరువు. డిస్క్‌ని ఏ పద్ధతిలో సిద్ధం చెయ్యాలని అడిగితే జీపీటీ ఎంచుకుని, ఖాళీ చోటు మీద కొత్త వాల్యూమ్, అంటే ఫైళ్ళు పెట్టుకునే భాగం, చెయ్యి. ఇక్కడ మాత్రం డిస్క్ నంబర్, సైజు రెండుసార్లు చూడు, పాత డిస్క్ జోలికి వెళ్ళకు. 1 టీబీకి 931 జీబీ చూపిస్తుంది. కొట్టువాడు మోసం చెయ్యలేదు. కంపెనీ వెయ్యితో లెక్కపెడుతుంది, విండోస్ 1,024తో. తర్వాత పిక్చర్స్ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో లొకేషన్ మార్చితే నీ ఫొటోలన్నీ విండోసే కొత్త డ్రైవ్‌లోకి పంపిస్తుంది, సి డ్రైవ్ ఖాళీ అవుతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. రెండో డ్రైవ్ ఉంది కదా అని ఫొటోలకి అదే బ్యాకప్ అనుకోకు. రెండూ ఒకే పెట్టెలో, ఒకే ఎస్ఎంపీఎస్ మీద ఉన్నాయి. కరెంటు ఒక్కసారి ఎక్కువొస్తే రెండూ పోవచ్చు. పైగా ఎస్ఎస్‌డీలో చెరిపేసినవి, ఆ చోటుని ఖాళీ చేసేసే ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల మళ్ళీ దొరకడం చాలా కష్టం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊరు ఊరంతా ఎలా అయిపోయిందో నీకు నేను చెప్పాలా? అందుకే నాన్న ఫొటోల ఇంకో కాపీ బయటి హార్డ్ డిస్క్‌లో వేసి అక్క వాళ్ళింట్లో ఉంచాను. బీరువాలో ఏళ్ళ తరబడి ఉంచడానికి ఎస్ఎస్‌డీ కన్నా హార్డ్ డిస్కే నయం, కరెంటు తగలకుండా చాలాకాలం ఉంటే ఎస్ఎస్‌డీలో డేటా చెడే ప్రమాదం ఉంది.

నీ బోర్డు మోడల్, మాన్యువల్‌లో ఆ పేజీ ఫొటో తీసి పంపించు. ఏ డ్రైవ్ కొనాలో చూసి చెప్తాను, ఈలోగా అడ్వాన్స్ ఎవరికీ ఇవ్వకు. చెల్లెమ్మని, గుంటడిని అడిగానని చెప్పు.

నీ
రాజు