ఇరవై బెడ్లు పది ఎందుకు చేశామంటే

అందరికీ నమస్కారం. వచ్చే ఒకటో తారీఖు నుంచి మన నర్సింగ్ హోంలో ఇరవై బెడ్లకు బదులు పదే ఉంటాయి. బెడ్ ఛార్జీ రోజుకు మూడొందలు పెరుగుతుంది. మా ఆవిడది వైద్యం, నాది కౌంటరు. కాబట్టి తిట్లు నా వాటాకే వస్తాయి. అవేవో కారణం తెలుసుకుని తిడతారని ఇది రాస్తున్నాను.

కిందటి కార్తీకంలో ఒక రాత్రి లోపల పధ్నాలుగు మంది పేషెంట్లున్నారు. డ్యూటీలో ఒక్క సిస్టర్, సాయానికి ఒక ఆయా. తొమ్మిదిన్నరకు ఒక అమ్మాయికి కాన్పయింది. మొదటి రెండు గంటలూ పావుగంటకోసారి బీపీ, నాడి, రక్తస్రావం చూడాలి. ఇంతలో సెలైన్ అయిపోయి ట్యూబులోకి రక్తం ఎక్కుతోందని మేడ మీద నుంచి ఒక పెద్దాయన కొడుకు పరుగెత్తుకొచ్చాడు. సిస్టర్ పైకి వెళ్ళింది. అది చూసి దిగబోతుంటే పక్క గదిలో జ్వరం పిల్లాడికి ఫిట్స్. ఆమె కిందికి వచ్చేసరికి రెండుసార్లు చూడాల్సింది తప్పిపోయింది. బాలింత కింద పరిచిన గుడ్డ మొత్తం తడిసిపోయి ఉంది. ‘చలేస్తోందక్కా’ అని మాత్రం అందట ఆ పిల్ల. మా ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. ఇంజెక్షన్లు పడ్డాయి, 108 వచ్చింది. ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ చేరేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. తల్లీబిడ్డా క్షేమం. ఆ రాత్రి ఛార్టులో రెండు గడులు ఖాళీగా ఉన్నాయి. నింపమంటారా అని సిస్టర్ అడిగితే మా ఆవిడ వద్దంది. తప్పు సిస్టర్‌ది కాదు, డ్యూటీలు వేసింది నేను.

లెక్క చూడండి. షిఫ్టుకు ఇద్దరు చొప్పున రోజుకు ఆరు డ్యూటీలు, వారానికి నలభై రెండు. ఒక్కొక్కరు వారానికి ఆరు చేస్తే ఏడుగురు నర్సులు కావాలి, అదీ ఎవరికీ జ్వరం రాకుండా, ఎవరింట్లోనూ పెళ్ళి లేకుండా ఉంటే. నా దగ్గర ఉన్నది ఐదుగురు. మిగతా పన్నెండు డ్యూటీలు ఎలా జరిగాయంటారా? కొన్ని వీళ్ళ చేతే డబుల్ డ్యూటీ చేయించాను. కొన్నింటికి నర్సింగ్ చదవని హెల్పర్‌కి యూనిఫాం తొడిగాను. మీరు ఆమెను కూడా ‘సిస్టర్’ అనే పిలిచారు, నేను సరిదిద్దలేదు. ఇక నుంచి నర్సులకు బ్యాడ్జీ మీద నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, హెల్పర్లకు యూనిఫాం రంగు వేరు.

మామూలు వార్డులో ఐదుగురు పేషెంట్లకు ఒక నర్సు ఉండాలన్నది ఎప్పటి నుంచో ఉన్న ప్రమాణం. షిఫ్టుకు ఇద్దరంటే పది బెడ్లే. నేను ఇరవై వేసుకుని కూర్చున్నాను.

జీతం సంగతి ఇంకా మొహమాటం. ప్రైవేటు నర్సుల జీతాల మీద 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం ఒక కమిటీ వేసింది. యాభై బెడ్ల లోపు ఆసుపత్రిలో కూడా నెలకు 20,000కు తగ్గకూడదని ఆ కమిటీ రాసింది. కేరళ 2018లో కనీస వేతనంగానే ప్రకటించేసింది. నేను ఇచ్చింది పదమూడు వేలు. మూడేళ్ళు జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా చదివిన పిల్ల పదమూడు వేలకు ఇక్కడ రాత్రుళ్ళు ఎందుకు మేలుకుంటుంది? హైదరాబాదో కువైటో వెళ్తుంది. మన కోనసీమలో కువైట్ దారి ఒకళ్ళు చెప్పాలా!

రెండేళ్ళ కిందట మా చుట్టుపక్కల ఆసుపత్రుల వాళ్ళం కలిసి ఒక వినతిపత్రం రాశాం. చిన్న ఆసుపత్రులకు నర్సుల సంఖ్య, జీతం నిబంధనలు పెట్టొద్దని. అందులో మూడో సంతకం నాది. మొన్నటి సమావేశంలో ఆ సంతకం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. కాఫీ తాగేవాళ్ళు కప్పులు కింద పెట్టారు. నేను మంచివాణ్ణయిపోయి చెప్పలేదండీ. నేనొక్కణ్ణే ఇరవై వేలిస్తే పక్క వీధిలో బెడ్ మూడొందలు తక్కువకు దొరుకుతుంది, మీరు అటే వెళ్తారు. నిబంధన అందరికీ ఒకటైతే ఆ పోటీ ఉండదు. ఆ వినతిపత్రానికి బదులు నర్సింగ్ పాసైన ఇక్కడి పిల్లలు మండల కేంద్రాల్లో రెండేళ్ళు చేస్తే ప్రభుత్వం స్టైపెండ్ ఇవ్వాలని అడుగుదామన్నాను. ఇద్దరు సరేనన్నారు. ఒకాయన మాత్రం ఫోన్ ఎత్తడం లేదు.

ఇద్దరు కొత్త సిస్టర్లు చేరుతున్నారు. అంటే ఏడుగురు, తలకు ఇరవై వేలు. నా జీతాల ఖర్చు నెలకు 65,000 నుంచి 1,40,000 అవుతుంది. నెల మొత్తం మీద రెండొందల బెడ్ రోజులు వస్తే మీ మూడొందలతో అరవై వేలు. మిగతా పదిహేను వేలు మేం భరిస్తాం. ఓపీ ఫీజు పెంచడం లేదు.

వరద రోజుల ఏర్పాటు కూడా మారదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం రెండో హెచ్చరిక, అంటే 13.75 అడుగులు దాటగానే లంకల్లో నెలలు నిండిన ఆడవాళ్ళు ముందే వచ్చేయండి. పదిలో రెండు బెడ్లు అప్పుడు మీవే, బెడ్ ఛార్జీ లేదు, తోడుకు ఒకళ్ళు ఉండొచ్చు. 2022 జూలైలో మా సిస్టరే పడవ మీద డ్యూటీకి వచ్చింది, అప్పుడు కూడా తలుపు వెయ్యలేదు.

బెడ్లు నిండితే గేటు దగ్గర పలక మీద సుద్దతో రాసి పెడతాం. అది చూసి నొప్పులతో ఉన్న మనిషిని ఆటోలో అలాగే తిప్పుకుపోకండి. లోపలికి తీసుకురండి. డాక్టరమ్మ చూస్తుంది. ఇక్కడ కుదరకపోతే ఎక్కడికి వెళ్ళాలో ఫోన్ చేసి కనుక్కుని, 108 ఎక్కించేదాకా మేం ఉంటాం.