ఫార్మాట్ కొట్టే ముందు ఎర్రర్ చదవనివ్వండి

సంపాదకుల వారికి,

మీ చదువుల పేజీలో వారం వారం కృత్రిమ మేధ కోర్సుల గురించి, ప్యాకేజీల గురించి వస్తోంది. రానివ్వండి, కాదనను. నేను అనంతపురం ఊరి బయట ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటును. నాకు రోజూ కనిపించేది వేరు. లినక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టం) ఉన్న కంప్యూటర్లో టెర్మినల్, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీ, మొరాయిస్తే మా దగ్గర పిల్లలకైనా, పాఠం చెప్పేవాళ్లకైనా తెలిసిన మందు ఒకటే: ఫార్మాట్, అంటే డిస్కంతా చెరిపేసి సిస్టంను మళ్లీ మొదటినుంచీ ఎక్కించడం.

పోయిన సెమిస్టరులో కళ్యాణదుర్గం వైపు పిల్లాడొకడు వచ్చి, "సార్, ఏం కొట్టినా కమాండ్ నాట్ ఫౌండ్ అంటాంది" అన్నాడు. ఏదో వీడియో చూసి జావా పెట్టుకుంటూ, హోమ్ ఫోల్డరులో ఉండే, టెర్మినల్ తెరిచినప్పుడల్లా సిస్టం చదివే డాట్ బాష్‌ఆర్‌సీ ఫైల్లో ఒక లైను చేర్చాడు. పాత్‌కి (ప్రోగ్రాములను వెతకాల్సిన ఫోల్డర్ల జాబితా అది) కొత్త ఫోల్డరు పేరు ఇచ్చాడు గానీ దాని వెనక పాత పాత్‌ను కలపలేదు. ఇంకేముంది, ఫైళ్ల పేర్లు చూపే ఎల్‌ఎస్ రాదు, ఫైళ్లు దిద్దుకునే నానో తెరుచుకోదు. ఫోల్డరు మార్చే సీడీ, ఇచ్చిన మాటను తిరిగి చూపే ఎకో మాత్రం భేషుగ్గా పనిచేస్తాయి. అసలు ఆచూకీ దొరికేది అక్కడే. సీడీ, ఎకో షెల్ (మనం కొట్టే కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రాము) లోపలే ఉంటాయి. ఎల్‌ఎస్ డిస్కు మీదుండే వేరే ప్రోగ్రాము, దాన్ని ఎక్కడ వెతకాలో షెల్‌కు చెప్పేది పాత్. స్లాష్ బిన్ స్లాష్ ఎల్‌ఎస్ అని పూర్తి దారి కొడితే వచ్చేస్తుంది. నానోను కూడా అలాగే పూర్తి దారితో తెరిచి ఆ లైను సరిచేసుకుని, కొత్త టెర్మినల్ తెరిస్తే సరి. ఇది చూపిద్దామని నేను కూర్చునేలోపే ఒక సార్ లినక్స్ ఎక్కించే బూటబుల్ పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చి, "ఎందుకయ్యా టెన్షన్, ఫార్మాట్ కొట్టేయ్" అన్నారు. అదే సిస్టంలో ఇంకో బ్యాచ్ వాళ్ల మినీ ప్రాజెక్టు ఉంది. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నవాడు లేడు.

ఇంట్లో విండోస్ నోట్‌ప్యాడ్‌లో స్క్రిప్టు (కమాండ్లు వరుసగా రాసిన ఫైలు) టైపు చేసి తెచ్చేవాళ్ల గోల ఇంకొకటి. లినక్స్‌లో నడిపితే 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అంటుంది. ఫైలు తెరిచి ఎంత చూసినా తప్పు కనబడదు, ఎందుకంటే విండోస్ ప్రతి లైను చివరా కంటికి కనిపించని అక్షరం ఒకటి అదనంగా పెడుతుంది. ఫైలును తెర మీద చూపే క్యాట్ కమాండుకు మైనస్ క్యాపిటల్ ఏ తగిలించి చూస్తే లైను లైనుకూ టోపీ గుర్తు, ఎమ్ బయటపడతాయి. తీసెయ్యడానికి ఒక్క కమాండు చాలు. దీనికీ ఫార్మాట్ కొట్టినవాళ్లను చూశాను. అది సిస్టంలోని జబ్బే కాదు, ఫైలుతో పాటు వచ్చింది, ఫార్మాట్‌తో ఎలా పోతుంది?

ఇంకా పెద్ద బాధ ఆ పెన్‌డ్రైవ్‌తోనే. అందులో ఉండేది ఎప్పుడో ఏళ్ల కిందట దించుకున్న లినక్స్. ఫార్మాట్ కొట్టిన ప్రతిసారీ సిస్టం ఆ కాలానికి వెళ్లిపోతుంది, ఆ తర్వాత అప్‌డేట్ చేసే ఓపిక ఎవరికీ ఉండదు. దాని అర్థం ఏమిటో 2014 సెప్టెంబరులో బయటపడిన షెల్‌షాక్ చెబుతుంది. మన ల్యాబుల్లో వాడే బాష్ షెల్‌లోనే ఉన్న లోపం అది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ఒక ప్రోగ్రాము ఇంకోదానికి అందించే, పేరున్న విలువ అది) ఒక ఫంక్షన్ రాసి, దాని తోకకు వేరే కమాండ్లు తగిలిస్తే బాష్ మొదలవుతూనే వాటిని కూడా నడిపేసేది. బాష్‌ను పిలిచే వెబ్ సర్వర్లలోకి బయటివాళ్లు ఆ దారినే చొరబడ్డారు. 1989 నుంచీ, అంటే పాతికేళ్లు అది ఎవరి కంటా పడలేదు. తొలి ప్యాచ్ (లోపాన్ని సరిదిద్దే చిన్న మార్పు) సరిపోక, కొద్దిరోజుల్లోనే మరికొన్ని ఇవ్వాల్సి వచ్చింది. ప్యాచ్ వచ్చినా అది మన సిస్టంలోకి చేరాలంటే ఎవరో ఒకరు అప్‌డేట్ కొట్టాలి కదా.

ఆ ప్యాచ్‌లు ఇచ్చేది పెద్ద కంపెనీ అనుకుంటారు మా పిల్లలు. బాష్‌ను గ్నూ ప్రాజెక్టు (ఎవరైనా స్వేచ్ఛగా వాడుకునే, మార్చుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేసేది) కోసం మొదలుపెట్టింది బ్రయాన్ ఫాక్స్. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా దాని ఆలనాపాలనా చూస్తున్నది చెట్ రేమీ. అమెరికాలోని ఒహాయోలో ఒక విశ్వవిద్యాలయంలో ఉద్యోగం చేసుకుంటూనే ఈ పనీ మోశారాయన. బాష్‌లో లోపం కనబడితే అలాంటివాళ్లకు చెప్పడానికి దారి కూడా ఉంది. బాష్‌బగ్ అని కొడితే ఒక ఫారం తెరుచుకుంటుంది. బాష్ ఏ వెర్షనో, ఎన్నో ప్యాచో అదే నింపుకుంటుంది. ఏం జరిగింది, ఏం చేస్తే మళ్లీ అలాగే జరుగుతుంది అన్నది మనం రాయాలి. రాసే ముందు బాష్‌ను నోఆర్‌సీ ఆప్షన్‌తో, అంటే డాట్ బాష్‌ఆర్‌సీ చదవకుండా, తెరిచి చూడాలి. తేడా పోయిందంటే తప్పు మన డాట్ బాష్‌ఆర్‌సీదే, బాష్‌ది కాదు. నా అనుభవంలో నూటికి తొంభై తొమ్మిది అక్కడే తేలిపోతాయి. అలా తేలినవాటితో ఆయన్ను విసిగించకపోవడం కూడా ఒక సాయమే.

ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ పరీక్షలో ఇప్పుడు జరిగేదేమిటంటే, ఎప్పటివో ప్రోగ్రాములు రికార్డులోకి ఎక్కించుకుని వస్తారు. వైవాలో షెల్ అంటే ఏమిటని అడిగితే నిర్వచనం గడగడా అప్పజెబుతారు, మార్కులు పడిపోతాయి. సిలబస్ వేసే పెద్దలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ఒక ప్రశ్న మార్చండి. పాత్ చెడగొట్టిన లాగిన్ ఒకటి పిల్లవాడికిచ్చి బాగుచేయమనండి. బాగుచేశాక ఏం చూశాడో, ఏం చేశాడో అరపేజీ రాయమనండి, తెలుగులో రాసినా ఒప్పుకోండి. కాలేజీల వాళ్లు ఆ పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌ను కనీసం సెమిస్టరుకు ఒకసారైనా మార్చండి. దానికి పైసా ఖర్చు లేదు, నెట్ ఉంటే చాలు.

ఇట్లు,
ఒక ల్యాబ్ అసిస్టెంట్,
అనంతపురం
(పేరు వేయవద్దని మనవి)