వయసు ఆపే చార్టు ఏది? అమెరికా హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ మంత్రిగారికి బహిరంగ లేఖ

మంత్రిగారూ, నమస్కారం.

ఇంగ్లీషులో వినతులు రాసి రాసి అలసిపోయి ఈసారి తెలుగులో రాస్తున్నాం. చదవనప్పుడు ఏ భాషైతే ఏముంది లెండి. హెచ్-1బీ ఉద్యోగుల పిల్లలకు, అంటే హెచ్-4 పిల్లలకు, 21 ఏళ్ల గండం ఉందని, అది నిండితే ఆ వీసా, తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు ఫైల్లో చోటు రెండూ పోతాయని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మా గోడు అందులో ఒక్క ముక్క గురించే: 2025 ఆగస్టు 15 నుంచి మార్చిన వయసు లెక్క.

గ్రీన్‌కార్డు క్యూ ఎక్కడిదాకా వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో రెండు చార్టులుంటాయి: దరఖాస్తు ఎప్పుడు వేయొచ్చో చెప్పే ఫైలింగ్ చార్టు, కార్డు ఎప్పుడు ఇవ్వొచ్చో చెప్పే ఫైనల్ యాక్షన్ చార్టు. 2023 ఫిబ్రవరి నుంచి, ఫైలింగ్ చార్టు వాడమన్న నెలలో దాని తేదీ మన దాకా వస్తే చాలు, పిల్లల వయసును కాపాడే సీఎస్‌పీఏ చట్టం కింద వాళ్ల వయసు అక్కడ ఆగేది. ఇప్పుడు ఫైనల్ యాక్షన్ చార్టు వచ్చేదాకా ఆగదన్నారు. సరే. మరి ఫైలింగ్ చార్టు వాడమన్న నెలల్లో గ్రీన్‌కార్డు దరఖాస్తు (ఐ-485) దాని ప్రకారమే ఎందుకు తీసుకుంటున్నారు? దరఖాస్తుకు 1,440 డాలర్లు, పని అనుమతి కార్డు ఈఏడీకి ఇంకో 260, ఐ-693 వైద్య పరీక్ష ఖర్చు వేరే. ఫీజు పుచ్చుకోవడానికి ఒక చార్టు, వయసు ఆపడానికి ఇంకొకటి! ఈ రెంటి మధ్య 21 నిండితే తల్లిదండ్రుల ఫైలు నడుస్తుంది, పిల్ల ఫైలు తిరస్కరణకు పోతుంది. కట్టిన ఫీజు వెనక్కి రాదు.

ఈ నిరీక్షణ చిన్నదేమీ కాదు. 2025 ఆగస్టు బులెటిన్‌లో ఇండియా ఈబీ-2 (ఉద్యోగాల గ్రీన్‌కార్డుల్లో రెండో కేటగిరీ) ఫైనల్ తేదీ 2013 జనవరి 1, అంటే అంతకు ముందు క్యూలో చేరినవాళ్లకే కార్డు. ఆ రోజుకు ఎనిమిదేళ్లున్న పిల్లకు ఇప్పుడు ఇరవై దాటాయి. ఏడాదికి ఉద్యోగాల కోటాలో 1,40,000 గ్రీన్‌కార్డులు, అందులోనే భార్యాపిల్లల లెక్క, దేశానికి 7 శాతం పరిమితి. అది అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ పని అంటారు, ఒప్పుకున్నాం. చార్టు మార్చింది మాత్రం కాంగ్రెస్ కాదు.

తీసివేతల సంగతి ఇంకా వింత. కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్ ఐ-140 ఎన్ని రోజులు పెండింగ్‌లో ఉంటే అన్ని రోజులే పిల్లల వయసులోంచి తీస్తారు. దానికి ముందు కార్మిక శాఖ ఇచ్చే పెర్మ్ ధ్రువీకరణకు పట్టిన కాలం లెక్కలోకి రాదు, ఆమోదం తర్వాత క్యూలో గడిపిన పన్నెండేళ్లూ రావు. ఐ-140 ఆరు నెలలు నానిందనుకోండి: తేదీ వచ్చే రోజుకు పిల్లకు 21 ఏళ్ల 4 నెలలున్నా లెక్కలో 20 ఏళ్ల 10 నెలలే, గట్టెక్కుతుంది. అదే, కంపెనీ త్వరగా తేల్చే ప్రీమియం ఫీజు కట్టి 15 పనిదినాల్లో తెప్పిస్తే తగ్గేది మూడు వారాలు, పిల్ల మునుగుతుంది. త్వరగా పని కావాలని అదనంగా కట్టిన డబ్బే పిల్లకు ఉరి. ఐ-140 వేసేటప్పుడు ఇంట్లో పిల్లల పుట్టిన తేదీలు ముందేసుకుని కూర్చోవాలని ఎంతమంది లాయర్లు చెబుతారు?

ఇక 21 నిండేలోపు విద్యార్థి వీసా ఎఫ్-1లోకి మారాలి. కాలేజీ నుంచి ఐ-20 పత్రం తెచ్చుకోవాలి, ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు చూపాలి, విదేశీ విద్యార్థుల రికార్డు సెవిస్‌కు ఫీజు 350 డాలర్లు కట్టాలి, స్టేటస్ మార్పుకు ఐ-539 వేయాలి. చదువు కాగానే వెళ్లిపోతానని చెప్పాలి. అప్పటికే అదే పిల్ల పేరున ఇక్కడే ఉంటానన్న ఐ-485 మీ దగ్గరే ఉంటుంది. ఏది నమ్ముతారో మీ ఇష్టం. చదువుకు ఫెడరల్ సాయం లేదు. ఎఫ్-1లో ఉంటూ ఐ-485 ఈఏడీతో బయట పనిచేస్తే ఎఫ్-1 పోతుంది. ఈఏడీని నమ్ముకుని ఎఫ్-1 వదిలేస్తే, ఐ-485 తిరస్కరించిన రోజున చేతిలో ఏ స్టేటస్సూ ఉండదు. చిన్నప్పుడే వచ్చి పత్రాల్లేకుండా ఉన్నవాళ్లను కాపాడే డాకా ఉందిగా అంటారేమో. అది 2012 జూన్ 15 నాటికి అక్రమంగా ఉన్నవాళ్లకే. మా పిల్లలు సక్రమంగా ఉన్నారు, ఖర్మ.

చదువయ్యాక కొంతకాలం పనికి ఓపీటీ, తర్వాత హెచ్-1బీ లాటరీ, కొత్త పెర్మ్, క్యూలో మళ్లీ చిట్టచివర. తండ్రి పన్నెండేళ్లు నిలబడిన చోటుకే.

అడిగేదొకటే: ఏ చార్టుతో ఫీజు తీసుకుంటారో ఆ చార్టుతోనే వయసు ఆపండి. లేదంటే ఫైనల్ తేదీ వచ్చేదాకా పిల్లల దగ్గర ఫీజే తీసుకోకండి. అదీ కుదరదంటే ఎందుకో చెప్పండి. ఆగస్టు 15కు ముందు పెండింగ్‌లో ఉన్న దరఖాస్తులకు పాత లెక్కే అన్నారు, సంతోషం. 14న ఫైలు చేసిన పిల్లాడికీ 16న చేసిన పిల్లకీ తేడా ఏమిటో కాస్త సెలవివ్వండి. ఆ పిల్లకు 21 నిండేలోపే జవాబు పంపించండి.

ఇట్లు,
క్యూలో ఉన్న తల్లిదండ్రులు